ఊరికి పేరిచ్చిన ఖడ్గేశ్వరుడు: ఖరగ్‌పూర్ పాత శివాలయ చరిత్ర, సంప్రదాయాలు

పశ్చిమ బెంగాల్ రాష్ట్రం, పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని ఖరగ్‌పూర్ పేరు వినగానే రైలు ప్రయాణికులకు అక్కడి పొడవైన ప్లాట్‌ఫారం గుర్తుకు వస్తుంది. విద్యార్థులకు 1951లో హిజ్లీలో నెలకొన్న దేశపు తొలి ఐఐటీ గుర్తుకు వస్తుంది. అయితే పట్టణం పేరు రైల్వే పెట్టినది కాదు, విద్యాసంస్థ వల్ల వచ్చినదీ కాదు. స్టేషన్‌కు ఉత్తరాన, మేదినీపూర్ వైపు సాగే దారిలోని ఇందా ప్రాంతంలో వెలసిన ఖడ్గేశ్వర మహాదేవుని పేరు అది. రైలు పట్టాలు పడకముందే అక్కడ ఊరుంది, ఊరికంటే ముందే దేవుడున్నాడని స్థానికుల విశ్వాసం. ఆ చిన్న పల్లె నేడు మహాపట్టణంలో కలిసిపోయింది. గ్రామానికి మిగిలిన ఆనవాళ్లలో ముఖ్యమైనవి ఈ ఆలయం, అది పట్టణానికి ఇచ్చిన పేరు.

పేరు వెనుక కథ

‘ఖడ్గం’ సంస్కృత పదం. బెంగాలీలో ఈ మాటలోని ‘డ’కారాన్ని నాలుకను వెనక్కి మడిచి, కొంత రేఫను పోలిన ధ్వనితో పలుకుతారు. ఆ ధ్వనికి తెలుగు లిపిలో ప్రత్యేకాక్షరం లేదు. ఆంగ్లేయ అధికారులు దానిని రేఫగా విని రాసుకున్నారు. అలా ఖడ్గపురం రైల్వే పత్రాలలో ఖరగ్‌పూర్‌గా స్థిరపడి, అదే రూపంలో తెలుగులోకి వచ్చింది. బిహార్‌లోని ముంగేర్ జిల్లాలో హవేలీ ఖరగ్‌పూర్ అనే మరో పట్టణం ఉంది. పేరు ఒకటే అయినా ఈ రెండు ఊళ్లకూ సంబంధం లేదు.

ఆలయ నిర్మాతను గురించి ప్రచారంలో ఉన్న కథలలో ప్రధానమైనది మల్లభూమి రాజులకు చెందినది. నేటి బాంకురా జిల్లాలోని విష్ణుపురం రాజధానిగా పాలించిన మల్ల వంశంలో ఖడ్గమల్లుడనే రాజు ఈ ప్రాంతాన్ని జయించి, తన పేరిట శివుని ప్రతిష్ఠించాడని ఆ ఐతిహ్యం చెబుతుంది. ఇంకొక కథనం ఖడ్గసింహుడనే పాలకుని పేరు వినిపిస్తుంది. రెండింటిలోనూ ఉమ్మడి అంశం ఒకటుంది. ప్రతిష్ఠించిన వాని పేరు దేవునికి, దేవుని పేరు ఊరికి సంక్రమించాయి.

ఈ సంప్రదాయం తెలుగువారికి కొత్త కాదు. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన గుడిలోని స్వామి రుద్రేశ్వరుడయ్యాడు. రామప్ప గుడిగా జనం పిలుచుకునే ఆ ఆలయానికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా లభించినప్పుడు కూడా రుద్రేశ్వరాలయమనే పేరే ముందు నిలిచింది. సామర్లకోటలోని భీమేశ్వరాలయానికి చాళుక్య భీముని పేరుతో ముడిపడిన ప్రతీతి ఉంది. రాజు గతించినా అతని పేరు నిత్యపూజలో నిలవాలన్న ఆకాంక్ష దేశమంతటా కనిపిస్తుంది. ఖరగ్‌పూర్ విషయంలో ఆ పేరు గుడి గోడలను దాటి, రైల్వే టైమ్‌టేబుల్‌లోకి కూడా చేరింది.

హిడింబ డాంగా

ఆలయ పరిసరాలలోని మైదానాన్ని స్థానికులు హిడింబ డాంగా అంటారు. బెంగాలీలో ‘డాంగా’ అంటే నీరు నిలవని మెట్టభూమి. లక్కయింటి నుంచి తప్పించుకున్న పాండవులు కుంతీ సమేతంగా ఈ అడవికే వచ్చారని, భీముడు హిడింబాసురుని ఇక్కడే సంహరించి, అతని సోదరి హిడింబిని వివాహమాడాడని స్థలపురాణం. పట్టణంలో హిడింబేశ్వరి పేరిట కాళికాలయం కూడా ఉంది.

మహాభారతంలోని ఈ ఘట్టం ఆదిపర్వంలోనిది. నన్నయ తెలుగు చేసిన భాగంలో ఉన్నది కనుక తెలుగు పాఠకులకు చిరపరిచితమే. హిమాచల్‌ప్రదేశ్‌లోని మనాలిలో 1553లో నిర్మించిన హిడింబాదేవి ఆలయం ఇదే కథను హిమాలయాలకు చేర్చింది. ఒకే కథను ఇన్ని ప్రాంతాలు తమదని చెప్పుకోవడంలో వింత లేదు. దట్టమైన అడవి అంచున ఏర్పడిన జనావాసాలు తమ గతాన్ని పురాణంతో ముడివేసి చెప్పుకున్నాయి. అడవిలో ముందునుంచీ ఉన్న ప్రజలకూ, బయటినుంచి వచ్చినవారికీ మధ్య జరిగిన సంఘర్షణ, ఆపై కుదిరిన బంధుత్వం హిడింబి కథలో ఉన్నాయి. ఎర్రమట్టి నేలలు, సాల వృక్షాల అడవులు, సంతాల్ తదితర గిరిజన గ్రామాలు ఉన్న పశ్చిమ మేదినీపూర్‌లో ఆ కథ నిలదొక్కుకోవడం సహజం.

మూడు సంస్కృతుల కూడలి

మేదినీపూర్ ప్రాంతం చరిత్రలో చాలాకాలం ఉత్కళ రాజ్యాల ప్రభావంలో ఉంది. తూర్పు గాంగ వంశానికి చెందిన అనంతవర్మ చోడగంగదేవుని ఏలుబడి గంగానది నుంచి గోదావరి దాకా విస్తరించిందని చరిత్రకారులు చెబుతారు. గాంగుల తొలి రాజధాని కళింగనగరాన్ని నేటి శ్రీకాకుళం జిల్లా శ్రీముఖలింగంగా గుర్తించారు. తరువాత గజపతులు వచ్చారు. ఉత్కళ రాజ్యపు చివరి స్వతంత్ర హిందూ ప్రభువు ముకుందదేవుడు. తెలుగు మూలాల కారణంగా ‘తెలంగా ముకుందదేవుడు’గా ప్రసిద్ధుడైన ఆయన 1568లో మరణించడంతో ఆ రాజ్యం బెంగాల్ ఆఫ్ఘన్ పాలకుల వశమైంది. 1575లో మొఘలులకూ, దావూద్ ఖాన్ కర్రానీకీ మధ్య తుకారోయి యుద్ధం జరిగింది కూడా ఈ జిల్లాలోని దాంతన్ సమీపంలోనే. 1760లో నవాబు మీర్ కాసిం బర్ద్వాన్, చిట్టగాంగ్‌లతో పాటు మేదినీపూర్‌ను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు.

ఈ చరిత్ర జిల్లాలోని ఆలయాల రూపంలో ప్రతిఫలిస్తుంది. ఇక్కడ రెండు నిర్మాణ రీతులు పక్కపక్కనే ఉన్నాయి. మొదటిది ఒడిశా రీతి. నిట్టనిలువుగా లేచే శిఖరం కలది రేఖా దేవళం, మెట్లు మెట్లుగా కుదించుకుపోయే కప్పు కలది పీఢా దేవళం. శ్రీముఖలింగం మధుకేశ్వరాలయాన్ని చూసినవారికి ఈ రూపం సుపరిచితం. రెండవది బెంగాలీ పల్లె ఇళ్ల పూరికప్పును ఇటుకలో అనుకరించే ‘చాలా’ రీతి. కప్పు అంచులు విల్లులా వంగి ఉంటాయి, గోడలపై కాల్చిన మట్టి ఫలకాలు ఉంటాయి. విష్ణుపురం మల్ల రాజులు 17వ శతాబ్దంలో కట్టించిన ఆలయాలు ఈ రీతికి ప్రసిద్ధ ఉదాహరణలు. తొలుత ఆ వంశం శాక్త, శైవ సంప్రదాయాలను పాటించింది. వీర హంబీరుడు శ్రీనివాసాచార్యుల ప్రభావంతో వైష్ణవం స్వీకరించిన తరువాత రాధాకృష్ణుల ఆలయాలు విరివిగా వెలిశాయి.

ఇందా ప్రాంతానికి మరో విశేషముంది. ఖడ్గేశ్వరాలయానికి చేరువలోనే పీర్ లోహానీ దర్గా ఉంది. లోహానీ అన్నది ఆఫ్ఘన్ తెగ పేరు. ముస్లింలతో పాటు హిందువులు కూడా ఆ దర్గాలో మొక్కులు చెల్లిస్తారు. పాత ఖరగ్‌పూర్ గ్రామానికి ఈ రెండు స్థలాలూ రెండు కళ్లవంటివి.

గ్రామీణ శివారాధన

తెలుగునాట శైవక్షేత్రాలకు వెళ్లే భక్తునికి బెంగాల్ గ్రామీణ శివాలయంలో మొదట కనిపించే తేడా అభిషేక విధానం. తెలుగు ఆలయాలలో సాధారణంగా అర్చకులే గర్భగుడిలో అభిషేకం చేస్తారు. బెంగాల్‌లో అనేక శివాలయాలలో భక్తుడు స్వయంగా లింగంపై నీళ్లు, పాలు పోసి, మారేడు దళాలు ఉంచుతాడు. జిల్లేడు, ఉమ్మెత్త పువ్వులు ఇక్కడ కూడా శివునికి ప్రియమైనవే. గుడి నిర్వహణ బాధ్యత వంశపారంపర్యంగా చూసేవారిని సేవాయత్‌లంటారు. దేవుని పేరిట ఉన్న భూమిని దేవోత్తర భూమి అంటారు. తెలుగునాట దేవుని మాన్యమన్నా అదే.

పండుగల క్రమంలో కూడా గమనించదగిన భేదాలున్నాయి. తెలుగువారికి శివారాధనకు కార్తికం ముఖ్యమైన మాసం. బెంగాల్‌లో శ్రావణ, చైత్ర మాసాలకు ఆ స్థానం. బెంగాలీల పంచాంగం సౌరమానాన్ని అనుసరిస్తుంది. వారి శ్రావణం సుమారు జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య వరకు ఉంటుంది. ఆ నెల సోమవారాలలో నదీజలాన్ని కావడులతో మోసుకువచ్చి శివునికి అభిషేకించడం ఆచారం. మహాశివరాత్రి తెలుగు పంచాంగంలో మాఘ బహుళ చతుర్దశి, ఉత్తరాది లెక్కలో ఫాల్గుణ కృష్ణ చతుర్దశి. మాసం పేరు మారినా రాత్రి ఒక్కటే. ఖరగ్‌పూర్‌లో తెలుగు, బెంగాలీ, ఒడియా, హిందీ కుటుంబాలు అదే రాత్రి జాగారం చేస్తాయి.

బెంగాల్ పల్లెలలో శైవ సంప్రదాయానికి పరాకాష్ఠ చైత్ర మాసాంతంలో జరిగే గాజన్. రైతులు, కూలీలు, చేతివృత్తులవారు కుల భేదం లేకుండా కొద్దిరోజుల పాటు సన్న్యాస దీక్ష తీసుకుంటారు. ఆ దినాలలో వారందరూ తమ గోత్రం విడిచి శివగోత్రులవుతారు. ఉపవాసముంటారు, భిక్షాటన చేస్తారు, శివపార్వతుల వేషాలతో ఊరేగుతారు. చైత్ర సంక్రాంతికి ముందురోజు నీలపూజ. శివునికి నీలావతితో కల్యాణం జరిగిన దినంగా దానిని భావించి, బిడ్డల క్షేమం కోసం తల్లులు పగలంతా ఉపవాసముండి సాయంకాలం దీపం వెలిగిస్తారు. మరునాడు చడక్. ఏడాది పొడవునా చెరువు నీటిలో మునిగివున్న స్తంభాన్ని వెలికితీసి నిలబెట్టి, దాని కొనకు కట్టిన అడ్డుకొయ్య సాయంతో భక్తులు గాలిలో తిరుగుతారు. ఒకనాడు వీపున కొక్కెం గుచ్చుకుని తిరిగే ఆచారం ఉండేది. 1865లో బెంగాల్ ప్రభుత్వం దానిని నిషేధించింది. ఆ మరునాడు బెంగాలీ నూతన సంవత్సరం.

ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన వారికి చడక్ స్తంభం విజయనగరం సిరిమానును తలపిస్తుంది. విజయదశమి తరువాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవంలో పొడవైన చింతమాను కొనపై పూజారి కూర్చుని పురవీధులలో సాగుతాడు. అక్కడ గ్రామదేవత, ఇక్కడ శివుడు. మొక్కిన వ్యక్తి నేలను విడిచి ఊరందరి కళ్లెదుట గాలిలోకి లేవడం రెండింటిలోనూ ఉంది.

పల్లె నుంచి రైల్వే పట్టణం

1901 జనగణన నాటికి ఖరగ్‌పూర్ జనాభా 3,526 మాత్రమే. 2011 నాటికి పురపాలక సంఘ పరిధిలోనే అది రెండు లక్షలు దాటింది. ఈ మార్పునకు మూలం 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే. వరద ముప్పు లేని గట్టి మెట్టనేల కావడం, నాగపూర్ దారి, తూర్పు తీరపు దారి కలిసే చోటు కావడం ఖరగ్‌పూర్‌కు కలిసివచ్చాయి. 1900లో కోలాఘాట్ వద్ద రూపనారాయణ నదిపై వంతెన సిద్ధమవడంతో హౌరాతో నేరుగా రైలు సంబంధం ఏర్పడింది. 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో పెద్ద వర్క్‌షాపు, దాని చుట్టూ సెటిల్‌మెంట్లు వెలిశాయి.

తెలుగువారి రాకకు కారణం కూడా ఈ రైలు మార్గమే. విజయవాడ నుంచి కటక్ వరకు ఈస్ట్ కోస్ట్ రైల్వే నిర్మాణం 1893, 1896 సంవత్సరాల మధ్య సాగింది. అందులో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో చేరింది. నాటినుంచి వాల్తేరు, ఖరగ్‌పూర్ ఒకే కంపెనీ కిందికి వచ్చాయి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం పల్లెల నుంచి తెలుగు కుటుంబాలు వర్క్‌షాపు పనికి, లోకో షెడ్డుకు, లైను పనికి తరలివచ్చాయి. మథురాకాటి, నింపురా వంటి పేటలలో తెలుగు వినబడసాగింది. 1928 నాటి బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల అహింసాయుత సమ్మెకు నాయకత్వం వహించిన వి.వి. గిరి కూడా తెలుగువారే. ఆయన అనంతర కాలంలో రాష్ట్రపతి అయ్యారు. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడిన తరువాత కూడా వాల్తేరు, ఖరగ్‌పూర్ డివిజన్లు ఒకే జోన్‌లో కొనసాగాయి. 2003లో తూర్పు తీర రైల్వే ఏర్పడి వాల్తేరు అందులో చేరేవరకు ఈ బంధం తెగలేదు.

పని కోసం వచ్చినవారు తమ దేవుళ్లను కూడా తెచ్చుకున్నారు. పట్టణంలోని బాలాజీ మందిరం తెలుగువారి ఉనికికి ప్రముఖ చిహ్నం. వేసవిలో తెలుగు పేటలలో జరిగే అమ్మవారి పూజను స్థానికులు ‘మాతా పూజ’ అని పిలుస్తారు. ఉత్తరాంధ్ర గ్రామదేవతల పండుగలలో వేపమండలు, పసుపునీళ్లు, ఘటాలు, చద్ది నైవేద్యం ముఖ్యమైనవి. బెంగాలీల శీతలాదేవి గాడిదపై, చీపురు, కలశం ధరించి దర్శనమిస్తుంది. ఆమెకు కూడా చల్లని, వండి ఉంచిన ఆహారమే నైవేద్యం. ‘శీతల’ అంటే చల్లనిది. అమ్మ చల్లబడితే ఊరు చల్లగా ఉంటుందన్న తెలుగు గ్రామీణుల నమ్మకానికి, ఆ పేరుకు అర్థం ఒకటే. ఇద్దరు తల్లులూ మశూచి భయం కాలంలో జనం శరణు వేడిన దేవతలు. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి అంతరించిందని ప్రకటించింది. వ్యాధి పోయింది, పూజ మిగిలింది. ఎండాకాలపు రోగాల నుంచి పిల్లలను కాపాడమనే ప్రార్థనగా అది సాగుతోంది.

ఇందాలోని ఖడ్గేశ్వరుని స్థానం వీటికి భిన్నమైనది. బాలాజీ మందిరం తెలుగువారు తెచ్చుకున్నది. ఖడ్గేశ్వరుడు వారు వచ్చేనాటికే ఉన్నవాడు. కొత్త చోట స్థిరపడినవారు తమ ఇలవేల్పుతో పాటు ఆ ఊరి దేవునికి కూడా మొక్కాలన్నది పల్లె మర్యాద. పొలిమేర దాటేముందు, పెళ్లి తలపెట్టేముందు, కొత్త ఇంట్లో అడుగుపెట్టేముందు గ్రామదేవతకు చెప్పుకునే అలవాటు ఉన్నవారికి, పట్టణానికే పేరిచ్చిన స్వామి పరాయివాడు కాడు.

నిలుపుకోవలసిన వారసత్వం

గ్రామాలయాల చరిత్ర చాలావరకు శాసనాలలో కాక జనం నోట నిలుస్తుంది. సేవాయత్ కుటుంబాల జ్ఞాపకాలు, గాజన్ సన్న్యాసుల ఆచారాలు, హిడింబ డాంగా వంటి స్థలనామాలే దానికి ఆధారాలు. ఊరు పట్టణమైనప్పుడు మొదట మాయమయ్యేవి ఇవే. మైదానం కాలనీగా మారితే పాత పేరుతో పాటు ఆ పేరు చెప్పే కథ కూడా మరుగునపడుతుంది. నిత్యపూజలున్న గుడికి మరో సమస్య ఉంటుంది. భక్తితో చేసే మరమ్మతులలోనే పాత గోడ, పాత శిల్పం సున్నం, సిమెంటు, టైల్స్ కిందికి వెళ్లిపోతాయి.

ఈ విషయంలో జిల్లాలోనే ఒక ఆదర్శముంది. మేదినీపూర్ పట్టణానికి సమీపంలో, కంసావతీ నది ఒడ్డున ఉన్న పాథ్రా గ్రామంలో శిథిలమవుతున్న పాత హిందూ ఆలయాల పరిరక్షణకు యాసిన్ పఠాన్ అనే ముస్లిం గ్రామస్థుడు దశాబ్దాల పాటు కృషి చేశారు. ఇటుకలు తరలిపోకుండా ఊరివారిని కూడగట్టారు, అధికారుల చుట్టూ తిరిగారు. ఆయనకు 1994లో కబీర్ పురస్కారం లభించింది. 2003లో భారత పురావస్తు సర్వేక్షణ శాఖ అక్కడి ఆలయాలను తన రక్షణలోకి తీసుకుంది. వారసత్వాన్ని కాపాడేందుకు మొదటి అడుగు గ్రామస్థుల నుంచే రావాలని పాథ్రా అనుభవం చెబుతోంది.

ఖరగ్‌పూర్ తెలుగువారికి ఈ మాట మరింత వర్తిస్తుంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు రాష్ట్ర అధికార భాషలలో స్థానం కల్పించే నిర్ణయాన్ని ఆమోదించింది. అందుకు ప్రధాన కారణం ఈ పట్టణంలోని తెలుగు జనాభా. ఉద్యోగ విరమణ తరువాత కొందరు స్వస్థలాలకు తిరిగివెళ్లగా, ఇక్కడే పుట్టి పెరిగిన తరాలకు ఇదే సొంత ఊరు. ఆ ఊరి కథను తాతముత్తాతల తెలుగులో, ఇరుగుపొరుగు బెంగాలీలో కూడా చెప్పగలవారు వారే. ఖడ్గమల్లుని ఐతిహ్యం, హిడింబ డాంగా కథ, మాతా పూజ క్రమం పెద్దల నోట వినబడుతుండగానే వాటిని నమోదు చేయడం విద్యాసంస్థలు, తెలుగు సంఘాలు, ఆలయ నిర్వాహకులు కలిసి చేయదగిన పని.

ఖడ్గేశ్వరాలయానికి ఖరగ్‌పూర్ జంక్షన్ నుంచి ఆటోలో సులభంగా చేరుకోవచ్చు. హౌరా నుంచి ఖరగ్‌పూర్‌కు రైలు మార్గంలో సుమారు 115 కిలోమీటర్లు. విశాఖపట్నం, విజయవాడల మీదుగా హౌరా వెళ్లే అనేక రైళ్లు ఇక్కడ ఆగుతాయి. ఒడియా, బెంగాలీ, హిందీ, తెలుగు మాటలు కలగలిసి వినిపించే ఆ స్టేషన్ బోర్డుపై ఉన్నది ఒక పాత పల్లె దేవుని పేరే.